గుడి పేరు, బడి పేరు

వేసవి సెలవుల్లో పిల్లలకు బైబిలు బడి నడపడానికి కొత్తగా తయారవుతున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు నన్ను నాలుగు మాటలు రాసిమ్మన్నారు. "అమ్మా, మీ సేవలో జరిగిన ఒక గొప్ప కార్యం గురించి రాయండి" అన్నారు. గొప్ప కార్యాలు రాసేవాళ్ళు మీకు చాలామంది దొరుకుతారు. నేను చేసిన ఘనకార్యం ఒకటి రాస్తాను. మీకు దానితోనే ఎక్కువ పని.

ఇందులో ఎవరి పేరూ రాయను. కొందరు చనిపోయారు, కొందరు ఉన్నారు, ఎవరినీ నొప్పించడం నాకిష్టం లేదు. అయితే కథంతా పేర్ల గురించే. పేర్లు లేకుండా పేర్ల కథ చెప్పడం ఉల్లిపాయ లేకుండా బొరుగుల ఉగ్గాని చేసినట్టే ఉంటుంది, కానీ తప్పదు.

ఆదోనిలో ఒక చిన్న సంఘంలో నేను పిల్లల టీచర్ని. ముప్పై ఏళ్ళు అదే ఉద్యోగం. ఆదివారం పిల్లలకు పాఠాలు, మిగతా రోజుల్లో ఇళ్ళ దర్శనాలు. మే నెల వచ్చిందంటే ఎమ్మిగనూరులో పది రోజులు బైబిలు బడి. రేకు పెట్టెలో బొమ్మలు, రంగు సుద్దముక్కలు, బొమ్మలు అంటించే బట్ట బోర్డు సర్దుకొని బస్సెక్కేదాన్ని. అక్కడి గుడి ఒక చిన్న బండల మిద్దె. నలభై మంది పిల్లలు కూర్చుంటే మోకాలికి మోకాలు తగిలేది. పొద్దున ఏడింటికి మొదలుపెట్టి, పైన బండలు కాలకముందే ముగించాలి. పాటలు, కథ, కంఠత వాక్యం, బొమ్మలకు రంగులు, తర్వాత గుప్పెడు బొరుగులు, పప్పులు. ఇంతే మా బడి. ఇప్పుడు మీకు టోపీలు, మైకులు, అచ్చు పుస్తకాలు ఉన్నాయి. ఉండనీ, నాకేం కడుపుమంట లేదు.

నా గుణం ఒకటి చెప్పాలి. మా ఇంట్లో అందరూ "అనుమానం ముందు పుట్టి, తర్వాత ఇది పుట్టింది" అనేవాళ్ళు. పాలవాడు పాలల్లో నీళ్ళు కలిపాడా అని అందరూ చూస్తారు. నేను నీళ్ళలో ఏమైనా పాలు కలిపాడా అని చూసేదాన్ని. ఎవరైనా పిల్లవాడు వాక్యం తప్పు లేకుండా అప్పజెప్పితే మెచ్చుకోకముందే వాడి అరచేయి తిప్పి చూసేదాన్ని, రాసుకొచ్చాడేమోనని. ఈ గుణం వల్ల సంఘానికి లాభమే అని నా నమ్మకం. మా పాస్టరు అయ్యగారు కూడా ఒకసారి అలాగే అన్నారు. ఆయన వేళాకోళానికి అన్నారేమోనన్న అనుమానం మాత్రం నాకు చాలా ఏళ్ళ తర్వాత వచ్చింది.

ఇక పేర్ల సంగతి. ఆ రోజుల్లో మా సంఘం పిల్లల్లో చాలామందికి రెండు పేర్లుండేవి. మా సీమలో చర్చిని కూడా గుడి అనే అంటారు. బాప్తిస్మమప్పుడు అయ్యగారు పెట్టింది గుడి పేరు. బడిలో చేర్చేటప్పుడు రిజిస్టరులో పడింది బడి పేరు. గుడి పేరు బైబిల్లోంచి వచ్చేది. బడి పేరు అవ్వ నోట్లోంచి వచ్చేది. ఎక్కువగా అది, ఆడైనా మగైనా, ఆ దిక్కున అందరూ మొక్కే ఉరుకుంద స్వామి పేరే అయ్యేది. ఆ చుట్టుపక్కల ఆ పేరు పెట్టి ఒక కేక వేస్తే పదిమంది పలుకుతారు.

ఇదేదో సరదాకు పెట్టుకున్న ఏర్పాటు కాదు. మా వాళ్ళు ఊరికి ఎడంగా పెట్టిన వాడల్లో, మా మాటలో గేరీల్లో, ఉండేవాళ్ళు. గుడి మారింది కానీ గేరి మారలేదు. నీళ్ళ దగ్గర, టీ అంగడి దగ్గర పాత మర్యాదే. అయినా కాగితం మీద క్రైస్తవులని పడితే మాత్రం ఆ గేరీల పిల్లలకు ప్రభుత్వం ఇచ్చే హాస్టలు సీటు, స్కాలర్‌షిప్పు పోతాయి. అందుకని ఏ గడపలో ఏ పేరుకు పలకాలో ఆరేళ్ళ పిల్లకు కూడా తెలుసు. తప్పో ఒప్పో మీరే తేల్చుకోండి. తేల్చేటప్పుడు ఒక్కసారి ఆ గేరీలో మంచినీళ్ళు తాగి తేల్చండి.

పంతొమ్మిది వందల డెబ్భైల చివర్లో ఒక వేసవి. ఆ ఏడు మా బడికి వచ్చిన పిల్లల్లో ఒక ఆడపిల్ల ఏడో తరగతి పాసైంది. ఆ గేరీలో అంతదాకా వచ్చిన మొదటి ఆడపిల్ల అదే. తండ్రి లేడు. తల్లి నేతగాళ్ళ ఇళ్ళలో నూలు కండెలు చుట్టేది. ఆ పని లేని నెలల్లో కూలీల గుంపుతో కన్నడ సీమకు పోయేది. అలా పంట పనులకు వలస పోవడాన్ని మా దిక్కు సుగ్గికి పోవడం అంటారు. ఎమ్మిగనూరులో హైస్కూలు లేక కాదు. తల్లి సుగ్గికి పోతే ఈ పిల్ల ఎవరి దగ్గర ఉండాలి? అన్నం ఎవరు పెడతారు? అందుకే ఆదోనిలో ప్రభుత్వ హాస్టలు సీటుకు దరఖాస్తు పెట్టారు, బడి పేరుతో. సీటు వస్తే చదువు. రాకపోతే తల్లి వెంట సుగ్గికి. ఆ పిల్లకున్నవి ఆ రెండు దారులే.

దాని తెలివి గురించి ఎంత చెప్పినా తక్కువే. నేను కథ చెబుతుంటే నోరు తెరుచుకొని వినే రకం కాదు. నొసలు ముడేసుకొని వినేది. నాకు అది నచ్చేది. నాలాంటిదే అనుకునేదాన్ని.

బడి మొదలైన రెండో రోజున ఒక కొత్త మనిషి వచ్చాడు. యాభై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా, తోలు సంచి, నల్ల గొడుగు. వాకిట్లో చెప్పులు విడిచి "నమస్కారమండీ, పిల్లల పాటలు వినపడితే వచ్చాను. కాసేపు కూర్చోవచ్చాండీ?" అన్నాడు.

నాకు రెండు చోట్ల గుచ్చుకుంది. మావాడైతే "వందనాలు" అనాలి, నమస్కారం అన్నాడు. రెండోది ఆ "అండీ". మా సీమలో మాట మాటకూ అండీ అనేవాడు ఆఫీసరైనా కావాలి, సినిమా మనిషైనా కావాలి. సినిమా మనిషికి మా గేరీలో ఏం పని?

ఆయన వెనక గోడకు ఆనుకొని కూర్చున్నాడు. సంచిలోంచి చిన్న పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. ప్రార్థనలో కళ్ళు మూసుకోలేదు. నాకెలా తెలుసంటే నేనూ మూసుకోలేదు కాబట్టి.

మరుసటి రోజు మళ్ళీ వచ్చాడు. పాఠం అయ్యాక హాజరు పుస్తకం చూడొచ్చా అని అడిగాడు. నేను తడుముకునేలోపే పక్కనే ఉన్న ఉపదేశి తీసి చేతిలో పెట్టాడు. ఆ ఊరి గుడి చూసుకునే పెద్దాయన ఆయన. అరవై దాటినవాడు. మగ్గం మీద బతికి, కళ్ళు మందగించాక గుడి పని పట్టుకున్నాడు. కొత్త మనిషి రెండు పేజీలు తిప్పాడు. హాజరు పుస్తకంలో అప్పటిదాకా మేము గుడి పేర్లే రాసేవాళ్ళం. ఒక పేరు మీద వేలు పెట్టి, "ఈ అమ్మాయి తండ్రి ఏం చేస్తారండీ? ఏ తరగతి?" అని అడిగాడు. అది ఆ పిల్ల పేరే. బొరుగులు పంచాలని చెప్పి మాట దాటేశాను.

అంతకు ముందు ఏడు పత్తికొండ దిక్కున ఒక ఊళ్ళో, ఆదివారం బడిలో ఇచ్చిన బహుమతి పుస్తకం మీద గుడి పేరు చూసి ఎవరో అర్జీ పెట్టారని, ఒక పిల్లవాడి స్కాలర్‌షిప్పు ఆగిపోయిందని విన్నాను. విన్నానే కానీ ఆ పిల్లవాణ్ణి చూసినవాళ్ళు నాకు ఎవరూ కనపడలేదు. అనుమానానికి సాక్షులు అక్కర్లేదు కదా. ఈయన హాస్టలు సీట్ల విచారణకు వచ్చిన మనిషేనని ఖాయం చేసుకున్నాను.

ఆయన వెళ్ళాక ఉపదేశిని నిలదీశాను. "ఏమప్పా, ఆయన ఎవరో తెలుసునా నీకు?"

"ఎవురో సదువుకున్నాయన మ్మా. పిల్లోల్లంటే ఇష్టమున్నెట్లుంది."

"ఏ ఊరంట?"

"అడగల్యా. దాహమన్నాడు, ఇంట్లో మజ్జిగుంటే ఇచ్చినా. మజ్జిగ తాగేటోన్ని పట్టుకొని ఊరు, పేరు అడుగుతారా యాడన్నా?"

"పుస్తకం ఏంటికిచ్చినావు?"

"అడిగినాడు, ఇచ్చినా. అదేమన్నా దొంగ సొమ్మా?"

ఆ మాటతో నాకు ఉపదేశి మీద కూడా అనుమానం మొదలైంది. ముందటేడు ఆయన పాఠం మధ్యలో కునుకు తీస్తున్నాడని అయ్యగారికి చెప్పింది నేనే. ఆ కసి మనసులో ఉండదా? ఆ సాయంత్రం గేరీలోనే ఉన్న టీ బంకు దగ్గర ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చొని నవ్వుకుంటుంటే చూశాను కూడా. ఇక నాకు రుజువు ఏం కావాలి?

ఉపదేశి మీద అనుమానం కడుపులో దాచుకున్నాను కానీ, విచారణ సంగతి దాచుకోలేకపోయాను. పిల్లల్ని తీసుకుపోవడానికి వచ్చిన ఒకామె చెవిలో వేశాను. మర్నాడు పొద్దున్నే ఆ పిల్ల తల్లి పరుగెత్తుకుంటూ వచ్చింది. చేతికి ఇంకా నూలు పోగులు అంటుకునే ఉన్నాయి.

"అమ్మా, ఆ సారు గవర్నమెంటాయనంట. హాస్టలు పిల్లోల్ల పేర్లు రాసుకోను వచ్చినాడంట. గేరంతా అంటాండారు. మా పాప పేరు గుడి పుస్తకంలో సూసినాడంటే సీటు పాయ. ఎట్ల జేసేది మ్మా?"

చూశారా, నేను వదిలిన మాటే రెండు గేరీలు తిరిగి నా దగ్గరికి సాక్ష్యంగా వచ్చింది. అప్పుడు నాకు ఆ తెలివి లేదు. "నేను చెప్పలేదా!" అనుకున్నాను. "భయపడొద్దు, నేను చూసుకుంటా" అన్నాను ఆమెతో. ఆ మాట అన్నప్పుడు నాకు చాలా ధైర్యంగా, గొప్పగా కూడా అనిపించింది. నిజం దాచడం ఎందుకు.

కొత్త హాజరు పుస్తకం కొన్నాను. ఇంటింటికీ తిరిగి బడి పేర్లు అడిగి, నలభై పేర్లూ మంచి దస్తూరిలో రాశాను. పాత పుస్తకాన్ని రేకు పెట్టెలో, బొమ్మల కింద, అడుగున పెట్టాను. ఉపదేశి గడప మీద కూర్చొని అంతా చూశాడు.

"ఏంటికమ్మా ఇదంతా? అబద్ధం ఒకటి రాస్తే దానికి కాపలా ఎవురుండాల?"

"అబద్ధం కాదు. ఆ పేర్లూ వాళ్ళవే."

"అవునులే. కానీ అడిగేటోడు ఏ పేరు కోసం వచ్చినాడో తెలీకుండానే ఏంటికి మార్సేది?"

ఎంత మంచి మాట! నాకు మాత్రం ఆయన ఆ కొత్త మనిషి తరఫున మాట్లాడుతున్నట్టే వినిపించింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నది నేను. దొంగ మాత్రం ఆయన అనుకున్నాను.

మరుసటి పొద్దున, ఆ మనిషి రాకముందే పిల్లలకు తర్ఫీదు ఇచ్చాను. "ఎవురన్నా కొత్తోల్లు అడిగితే బడి పేరే సెప్పాల. బాప్తిస్మం అయిందా అంటే లేదనాల. అర్థమైందా?"

ఆ పిల్ల నొసలు ముడేసింది. "అమ్మా, ఇది గుడా, బడా?"

నిజమే. గుడిలో జరుగుతుంది, పేరేమో బైబిలు బడి. ఇన్నేళ్ళలో ఎవరికీ రాని సందేహం దానికి వచ్చింది. నేను టీచరు తెలివి ఉపయోగించాను. "బైబిలు బడి అంటాండాము కదా? బడి అంటే బడే. బడి పేరే సెప్పాల."

హాజరు పిలిచాను. ఉరుకుంద స్వామి పేరు పిలవగానే అయిదుగురు లేచారు. ఇంటి పేర్లు కలిపి పిలిస్తే ఇద్దరు మిగిలారు, ఆ ఇద్దరిదీ ఒకే ఇంటి పేరు. గుడంతా నవ్వులు. నేనూ నవ్వాను. ఆ పది రోజుల్లో నేను నవ్వింది ఆ ఒక్కసారే.

ఆ రోజు పాఠం ఏది రావాలి? వరసలో యాకోబు కథ వచ్చింది. కళ్ళు కనపడని తండ్రి దగ్గరికి చిన్న కొడుకు మేకతోలు కట్టుకొని పోయి, నేనే నీ పెద్ద కొడుకునని అన్న పేరు చెప్పి దీవెన తీసుకుంటాడు. బోర్డు మీద మేకతోలు బొమ్మ తలకిందులుగా అంటించి, మళ్ళీ తీసి సరిచేశాను. కొత్త మనిషి వెనక కూర్చొని నన్నే చూస్తున్నాడు. అబద్ధమాడకూడదు పిల్లలూ అని ముగించాలి. పొద్దున్నే ఏం నేర్పించానో నలభై మందికీ తెలుసు.

ఆ పిల్ల చెయ్యెత్తింది. "అమ్మా, అన్న పేరు సెప్పినోనికి దేవుడు శిక్ష ఏంటికెయ్యలేదు?"

"ఏసినాడు. ఇల్లిడిసి పారిపోవాల్సొచ్చింది, ఇరవై ఏండ్లు ఊరు గాని ఊర్లో కూలి చేసినాడు" అన్నాను. జవాబు బాగానే చెప్పాను అనుకున్నాను. ఆ జవాబు తలుచుకుంటే ఇప్పుడు నాకు నోట్లో చేదు పుడుతుంది.

మధ్యాహ్నం ఉపదేశిని ఆదోనికి పంపాను. బహుమతి పుస్తకాలు చాలవు, తెమ్మన్నాను. చాలకపోవడం అబద్ధం, పెట్టె నిండా ఉన్నాయి. ఆయన్ని ఆ మనిషి దగ్గర లేకుండా చెయ్యడమే నా ఉద్దేశం. ఆయన కండువా దులిపి భుజాన వేసుకున్నాడు. వాకిలి దాటుతూ ఒక్క మాట అన్నాడు. "నన్ను పంపించాలంటే పొమ్మంటే పోతా గదమ్మా. పుస్తకాలు ఏంటికి మధ్యలో?"

మర్నాడు అసలు రోజు. కొత్త మనిషి పాటలు అయ్యేదాకా ఆగి, "పిల్లల్ని నేను నాలుగు ప్రశ్నలు అడగొచ్చాండీ?" అన్నాడు. వద్దంటే అనుమానం వస్తుందని సరేనన్నాను. అనుమానం ఆయనకు వస్తుందని నా భయం!

పెద్దపిల్లల్ని ముందుకు పిలిచాడు. ఒక్కొక్కరిని కథ చెప్పమన్నాడు, ఒక పేరా చదవమన్నాడు, చిన్న లెక్క ఇచ్చాడు. ఆ పిల్ల వంతు వచ్చింది. యాకోబు కథ మొత్తం చెప్పింది, నేను వదిలేసిన తల్లి సంగతి కూడా కలిపి చెప్పింది. గడగడా చదివింది. లెక్క నోటితోనే చేసింది. పెద్దయ్యాక ఏమవుతావంటే, "సుగ్గికి పోకుండా ఉండే పని ఏదైనా సార్" అంది. గుడిలో ఆయన మొహంలో నవ్వు కనిపించడం అదే మొదటిసారి. కలం తీశాడు.

"నీ పేరేంటమ్మా?"

ఆ పిల్ల నా వైపు చూసింది. నేను కళ్ళు పెద్దవి చేశాను. ఎలా చూశానో నాకు ఇప్పటికీ గుర్తుంది. తప్పు చెప్పావో జాగ్రత్త అని చూశాను. అది బడి పేరు చెప్పింది, ఉరుకుంద స్వామి పేరు.

ఆయన నవ్వు కొంచెం తగ్గింది. "బాప్తిస్మం అయిందా?"

"లేదు సార్."

"మీ ఇంట్లోవాళ్ళు సంఘ సభ్యులేనా?"

దీనికి నేను తర్ఫీదు ఇవ్వలేదు. పాపం, అది తనే అల్లుకుంది. "కాదు సార్. బొరుగులిస్తారని వస్తా."

ఆయన హాజరు పుస్తకం అడిగాడు. కొత్తది ఇచ్చాను. అందులో పేరు చూసుకున్నాడు. మొన్న చూసిన పుస్తకం ఇది కాదని అట్ట చూడగానే తెలిసి ఉంటుంది. నన్ను ఒకసారి పైనుంచి కిందికి చూశాడు. కలం మూతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. "సంతోషమండీ, రేపు పొద్దున బస్సుకు వెళ్ళిపోతున్నాను" అని గొడుగు తీసుకొని వెళ్ళిపోయాడు.

గెలిచాననుకున్నాను. ఆ పిల్లను దగ్గరికి తీసుకొని తల నిమిరి, దోసెడు పప్పులు ఎక్కువ పెట్టాను.

మరుసటి పొద్దున ఉపదేశి ఆదోని నుంచి మొదటి బస్సుకు వచ్చాడు. చేతిలో పుస్తకాల కట్ట, కళ్ళలో సంబరం. గడప దాటకముందే మొదలుపెట్టాడు. "అమ్మా, అయ్యగారికి నిన్ననే తెలిసిందంట, సెప్పినాడు. మన పెద్ద కార్యాలయం నుంచి ఒగాయన ఊరూరూ తిరుగుతాండాడంట. బీద సంఘాల్లో సదువొచ్చే ఆడపిల్లోల్లను ఇద్దరిని ఏరి, వాళ్ళ బోర్డింగు ఇస్కూల్లో ఊరికే సదివిస్తారంట. తిండి, బట్ట అంతా వాళ్ళదే. ముందుగా తెలిస్తే అందరూ సిఫారసులు పట్టుకొని వస్తారని ఎవురికీ సెప్పకుండా తిరుగుతాండాడంట. మన సారే మ్మా! ఇంగ మన పాప పేరు రాసినట్లే!"

నేను గబగబా లోపలికి పోయాను. పెట్టె బోర్లించి పాత పుస్తకం తీసి, కొత్తదీ పట్టుకొని బస్టాండు వైపు పరుగెత్తాను. ఉపదేశి మోకాళ్ళ నొప్పులతో నా వెనకే వచ్చాడు.

ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు, కర్ణాటక వైపు పోయే బస్సు కోసం. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు రెండు పుస్తకాలూ ఆయన ముందు పెట్టాను. జరిగిందంతా చెప్పాను. ఆయన ఓపికగానే విన్నాడు. రెంటిలోనూ ఆ పిల్ల వరస చూశాడు.

"ఇందులో ఏది నిజమండీ?"

"రెండూ నిజమే సార్. రెండూ ఆ పిల్ల పేర్లే."

"మొన్న నేను చూసిన పేరు ఈ అమ్మాయిదేనని ఎలా నమ్మనండీ? నిన్న బాప్తిస్మం కాలేదంది. ఇవాళ అయిందంటున్నారు. సీటు సంగతి తెలిశాక అయిందంటున్నారు." గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఇప్పటికి నాలుగు ఊళ్ళలో చూశానండీ. సీటు అనేసరికి ఒక్క రాత్రిలో పేర్లు మారిపోతున్నాయి. నేను చెప్పకుండా వచ్చింది ఇందుకే."

ఉపదేశి చేతులు జోడించాడు. "సారూ, ఆ బిడ్డకు బాప్తిస్మం ఇచ్చిన దినం నీళ్ళు మోసింది నేనే. నా మాట నమ్మండి."

"మీరు నిన్న ఎక్కడున్నారు పెద్దాయనా? నాకు మిమ్మల్నే అడగాలని ఉండింది."

ఉపదేశి నా వైపు చూడలేదు. "పుస్తకాలు తేను పోయింటి సార్" అన్నాడు. నన్ను కాపాడటానికి ఆయన అంతవరకే చెప్పాడు. నేను తల దించుకున్నాను.

బాప్తిస్మం రిజిస్టరు ఆదోనిలో అయ్యగారి దగ్గర ఉందని, నకలు పంపిస్తామని చెప్పాను. పంపండి చూస్తానన్నాడు. మోసగాడు కాదు, చూశాడు కూడా. నకలు చేరేసరికి ఇద్దరి పేర్లూ ఖాయమైపోయాయని, మా నకలు అందినందుకు వందనాలని మర్యాదగా ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరంలో మాత్రం "వందనాలు" అని రాశాడు.

ప్రభుత్వ హాస్టలు జాబితా కూడా వచ్చింది. అందులో ఆ పిల్ల పేరు లేదు. ఉన్న సీట్లు తక్కువ, అడిగినవాళ్ళు ఎక్కువ. ఎవరి విచారణా లేదు, ఎవరి అర్జీ కూడా లేదు. నేను అంత కష్టపడి కాపాడిన సీటు అసలు ఎప్పుడూ లేదు.

ఉపదేశి దగ్గర క్షమాపణ అడిగాను. "పోనీలేమ్మా" అన్నాడు. అంతకంటే ఒక్క మాట ఎక్కువ అన్నా నాకు తేలికయ్యేది. తర్వాత ఎన్నో వేసవులు ఆయనతో కలిసి పనిచేశాను. మజ్జిగ ఇచ్చేవాడు, బాగా మాట్లాడేవాడు. హాజరు పుస్తకం మాత్రం మళ్ళీ ముట్టుకోలేదు.

పత్తి ఏరే నెలల్లో ఆ తల్లి సుగ్గికి బయలుదేరుతోందని తెలిసి ఎమ్మిగనూరు పోయాను. గేరి మొదట్లో ట్రాక్టరు ఆగి ఉంది. మూటలు, తట్టలు, కోళ్ళు, చంటిపిల్లలు. తల్లి నన్ను చూసి దిగి వచ్చింది. నేను దాచకుండా అంతా చెప్పాను. మీ పాప సీటు పోవడం నా వల్లే అన్నాను. ఆమె తిడుతుందని సిద్ధపడి పోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు మా కోసమే చేసినావు గదమ్మా. మాకు రాసిపెట్టి లేదు" అంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ పిల్ల ట్రాక్టరు మీద మూటల మధ్య కూర్చొని ఉంది. నేను దగ్గరికి పోయాను. ఏం మాట్లాడాలో తెలియక, "ఆ సారు అంటే నాకు శానా భయమైంది పాపా" అన్నాను.

అది నొసలు ముడేసింది. దాని మొహంలో కోపం లేదు, లెక్క చేసేటప్పటి చూపే ఉంది.

"నాకు కాలేదమ్మా. ఆయన మంచోడనే అనుకున్యా. గుడి పేరే నోటి దాకా వచ్చింది. నీ మొగం సూసి మింగేసినా."

ట్రాక్టరు కదిలింది. ఆ పిల్ల చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. మంచి మనిషిని చూసి గుర్తుపట్టడం ఎవరూ నేర్పకుండానే దానికి వచ్చు. గుర్తుపట్టవద్దని నేర్పింది నేను.